స్కోపులో ఆ చుక్కలు దేనికి? దూరం కొలిచి గురి పెట్టడం ఎలా

ఎయిర్ గన్‌కి స్కోపు కొన్నవాళ్ళలో చాలామంది దూరంగా ఉన్నది దగ్గరగా కనబడటం వరకే దాన్ని వాడుకుంటారు. ప్లస్ గుర్తు టార్గెట్ మీద పెట్టి ట్రిగ్గర్ నొక్కేస్తారు. పాతిక మీటర్లలో ఎలాగో తగులుతుంది. నలభై మీటర్లకి జరిపేసరికి పెల్లెట్ (గన్ను పేల్చే చిన్న గుండు) టార్గెట్ కింద మట్టిలో దిగుతుంది, ఇంక గన్ను బాగోలేదనీ పెల్లెట్లు నాసిరకమనీ తిట్టుకోవడం మొదలు. ఆ ప్లస్ గీతల మీద వరసగా చుక్కలుంటాయి చూడండి, ఆ గీతలూ చుక్కలూ కలిపి రెటికిల్ అంటారు, మీరు ఎక్కువ డబ్బు పెట్టింది నిజానికి వాటికే. అవి రెండు పనులు చేస్తాయి. టార్గెట్ ఎంత దూరంలో ఉందో లెక్క కట్టనిస్తాయి, ఆ దూరానికి పెల్లెట్ ఎంత కిందకి దిగుతుందో అంత పైకి గురి పెట్టనిస్తాయి.

ఇదంతా 0.177 అంగుళాల బోరు (గొట్టం లోపలి వెడల్పు) ఎయిర్ రైఫిల్‌కీ మామూలు మిల్ డాట్ స్కోపుకీ (మిల్ అంటే ఏంటో కింద చెబుతాను) రాస్తున్నాను, మన శ్రీకాకుళం, విజయనగరం వైపు కుర్రాళ్ళ దగ్గర ఎక్కువగా ఉండేవి అవే. ఆ బోరులో, పెల్లెట్ బయటికొచ్చే శక్తి 20 జూల్స్ దాటని ఎయిర్ గన్‌కి ఆయుధ లైసెన్సు అక్కర్లేదు. అంతకు మించినదైతే లైసెన్సు ఉండాలి, దానితో ప్రాక్టీసు క్లబ్బు రేంజిలో కోచ్ ఎదురుగానే చెయ్యాలి. ఒలింపిక్స్ 10 మీటర్ల పోటీకి తయారవుతున్నవాళ్ళకి ఇది పనికిరాదు, అక్కడ స్కోపు పెట్టనివ్వరు, కన్నంలోంచి చూసే సైటే వాడాలి.

ఇంకో మాట కూడా ముందే చెప్పేస్తాను. ఎయిర్ గన్ అనగానే మనవైపు పిట్టలు కొట్టడానికే అనుకుంటారు. తేలినీలాపురంలో గూడబాతుల్నీ ఎర్రకాళ్ళ కొంగల్నీ ఊరివాళ్ళే కాపాడుకుంటున్నారు, తేలుకుంచిలో కూడా అంతే. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం వేట నేరం. ఈ వ్యాసంలో టార్గెట్ అంటే కాగితం, ఖాళీ డబ్బా, అంతే.

ముందు స్థలం చూసుకోండి

జీడితోటో కొబ్బరితోటో తెలిసినవాళ్ళదై ఉండాలి, వాళ్ళని అడిగి వెళ్ళాలి. టార్గెట్ వెనక మట్టి గట్టు గానీ రెండు వరసల ఇసుక బస్తాలు గానీ ఉండాలి. ఆ గట్టు వెనక కాలిబాట, పశువులు మేసే చోటు, ఇల్లు ఏవీ ఉండకూడదు. ఎయిర్ గన్ పెల్లెట్ బొమ్మ వస్తువేమీ కాదు, పైకెత్తి పేలిస్తే మూడొందల మీటర్ల పైన కూడా పోగలదు. కళ్ళజోడు పెట్టుకోండి, పక్కన చూడటానికొచ్చిన వాళ్ళకి కూడా పెట్టండి. జీడిపిక్కల సీజనులో తోటలోకి మనుషులు ఎటునుంచి వస్తారో తెలీదు, ఆ రోజుల్లో మానేయడమే మంచిది.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైనది. దూరం కొలవడం నేర్చుకుంటున్నాను కదా అని రైఫిల్‌ని రోడ్డు మీద బండివైపో, పొలంలో మనిషివైపో తిప్పి స్కోపులోంచి చూడకండి. ఖాళీ గన్నయినా సరే. ఆ ప్రాక్టీసుకి లోపల మిల్ స్కేలు ఉండే బైనాక్యులర్ వాడుకోండి, లెక్క అదే.

మిల్ లెక్క

వెయ్యి మీటర్ల దూరంలో ఉన్న ఒక మీటరు వస్తువు మన కంటి దగ్గర చేసే కోణం ఒక మిల్. కాబట్టి ఒక మిల్ అంటే 100 మీటర్ల దగ్గర 10 సెంటీమీటర్లు, 50 దగ్గర 5, 25 దగ్గర రెండున్నర. మిల్ డాట్ స్కోపులో ఒక చుక్క మధ్య నుంచి పక్క చుక్క మధ్యకి ఒక మిల్. చుక్క అంచు నుంచి కొలిస్తే లెక్క తప్పుతుంది, చుక్కకే దాదాపు 0.2 మిల్ మందం ఉంటుంది.

సూత్రం ఒకటే. వస్తువు సైజుని సెంటీమీటర్లలో తీసుకుని పదితో గుణించి, స్కోపులో అది ఎన్ని మిల్స్ వచ్చిందో దానితో భాగిస్తే దూరం మీటర్లలో వస్తుంది. ఏ4 కాగితం వెడల్పు 21 సెంటీమీటర్లు. అది స్కోపులో 5.25 మిల్స్ వస్తే 210ని 5.25తో భాగించండి, 40 మీటర్లు.

గమనించారా, స్కోపు మనకి చెప్పింది కోణం మాత్రమే. దూరం చెప్పింది మనకి ముందే తెలిసిన 21 సెంటీమీటర్లు. ఆ సైజు తప్పయితే ఎంత ఖరీదైన స్కోపయినా తప్పే చెబుతుంది. ఎదురుగా ఇంటి తలుపు రెండు మిల్స్ వచ్చిందనుకోండి, దాన్ని ఏడడుగులనుకుంటే దాదాపు 107 మీటర్లు, ఆరున్నర అడుగులనుకుంటే 99. రెటికిల్‌తో దూరం కొలవడమంటే సగం పని స్కోపు బయటే, వస్తువుల కొలతలు బుర్రలో ఉండటంలోనే ఉంది.

అందుకే ఖాయంగా తెలిసిన కొలతలు కొన్ని పట్టుకోండి. క్రికెట్ స్టంపుల ఎత్తు 71 సెంటీమీటర్లు, మూడూ కలిపి వెడల్పు 23కి కొంచెం తక్కువ, పిచ్ పొడవు 20.12 మీటర్లు. కారు పొడుగాటి నంబర్ ప్లేటు 50 సెంటీమీటర్లు. వాలీబాల్ నెట్ మగవాళ్ళకి 2.43 మీటర్ల ఎత్తు (ఊళ్ళో కట్టిన నెట్టయితే మధ్యలో జారి ఉంటుంది, నమ్మకండి). ఫుట్‌బాల్ గోలు ఎత్తు 2.44, వెడల్పు 7.32. బ్రాడ్‌గేజ్ పట్టాల మధ్య 1.676 మీటర్లు, ఆమదాలవలస స్టేషన్ ప్లాట్‌ఫామ్ మీద నిలబడి మనసులో లెక్క వేసుకోవచ్చు. 330 మిల్లీ కూల్‌డ్రింక్ టిన్ను పదకొండున్నర సెంటీమీటర్లు.

స్కోపు నిజం చెబుతోందో లేదో చూడటం

ఇక్కడే ఎక్కువమంది దెబ్బతింటారు. మనకి దొరికే మామూలు స్కోపుల్లో జూమ్ తిప్పితే బొమ్మ పెద్దదవుతుంది గానీ చుక్కలు అలాగే ఉంటాయి. అంటే చుక్కకీ చుక్కకీ మధ్య ఒక మిల్ అన్నది ఏదో ఒక జూమ్ దగ్గర మాత్రమే నిజం. కొన్నిటిలో అది 10 దగ్గర, కొన్నిటిలో ఆఖరి నంబరు దగ్గర. 10 దగ్గర సరిగ్గా ఉన్న స్కోపుని 5కి తగ్గిస్తే చుక్కల మధ్య రెండు మిల్స్ అయిపోతుంది, మీరేమో ఒకటే అని లెక్కేస్తారు, దూరం రెట్టింపు వస్తుంది. జూమ్‌తో పాటు చుక్కలు కూడా పెరిగే స్కోపులు వేరే ఉన్నాయి, వాటికి ఈ గొడవ లేదు గానీ ఖరీదెక్కువ.

కాగితం మీద రాసింది నమ్మకుండా మీరే చూసుకోండి. ఒక అట్టముక్క మీద స్కెచ్ పెన్నుతో 5 సెంటీమీటర్లకొకటి చొప్పున ఆరేడు లావుపాటి గీతలు గియ్యండి. టేపుతో కొలిచి సరిగ్గా 50 మీటర్ల దగ్గర నిలబెట్టండి, అడుగులేసి కొలవడం కాదు. గన్నుని ఇసుక బస్తా మీద కదలకుండా పెట్టి స్కోపులోంచి చూస్తూ జూమ్ రింగుని మెల్లగా తిప్పండి. ఒక చోట గీతలన్నీ చుక్కల నడిమధ్యన కూర్చుంటాయి. ఒక్క చుక్క కూర్చుంటే చాలదు, నాలుగు చుక్కలూ నాలుగు గీతల మీద పడాలి. ఆ చోట రింగు మీద తెల్ల గోళ్ళరంగుతో చిన్న గీత పెట్టుకోండి. చాలా స్కోపుల్లో అది రింగు మీద అచ్చేసిన 10 అంకె దగ్గర కాకుండా కాస్త అటో ఇటో ఉంటుంది. ఇక దూరం కొలిచినప్పుడల్లా జూమ్ ఆ గీత దగ్గరే ఉండాలి.

దీనికన్నా ముందు రెండు ఫోకస్‌లు సరిచేసుకోవాలి. కంటివైపు రింగు తిప్పేటప్పుడు తెల్లగోడనో ఆకాశాన్నో చూస్తూ తిప్పండి, చుక్కలు నల్లగా, పదునుగా కనబడేదాకా (సూర్యుడి వైపు మాత్రం వద్దు, కన్ను పోతుంది). రెండోది ముందు అద్దం దగ్గరో పక్కనో ఉండే పారలాక్స్ రింగు. టార్గెట్ మీద గురి పెట్టి, గన్ను కదపకుండా తల మాత్రం కొంచెం పైకీ కిందకీ ఆడించండి. ప్లస్ గుర్తు టార్గెట్ మీద జారుతున్నట్టు కనిపిస్తే రింగు ఇంకా తిప్పాలి, అతుక్కుపోయినట్టు ఉంటే సరే. ఆ రింగు లేని స్కోపుల్ని ఫ్యాక్టరీలో 100 గజాలకి బిగించి ఉంచడం మామూలు, పాతిక మీటర్ల దగ్గర అవి తల ఎటు పెడితే అటు గురి మారుస్తాయి.

స్కోపు కొనేటప్పుడు ఎయిర్ గన్‌కి పనికొచ్చేదేనా అని అడగండి. స్ప్రింగు గన్నులో పిస్టన్ ముందుకెళ్ళి కొట్టుకునేటప్పుడు ముందుకీ వెనక్కీ రెండువైపులా కుదుపు వస్తుంది, మామూలు స్కోపు లోపల అద్దాలు దానికి తట్టుకోలేక వదులైపోతాయి.

దూరం చూడటం: కంటిని నమ్మకండి

ఎన్‌సీసీలో ఉన్నవాళ్ళకి దూరం అంచనా వెయ్యడం కొత్తేమీ కాదు. వంద గజాల మైదానాన్ని మనసులో పెట్టుకుని ఎన్ని మైదానాలు పడతాయో చూడటం, ఎంత ఎక్కువ ఉండొచ్చు ఎంత తక్కువ ఉండొచ్చు అని రెండు అంకెలు అనుకుని మధ్యది తీసుకోవడం, సెక్షన్‌లో అందరినీ అడిగి సగటు కట్టడం, అవన్నీ మంచి పద్ధతులే. వాటితో వచ్చిన అంకె ముందు నోట్సులో రాసుకుని, తర్వాత మిల్స్‌తో కొలిచి, ఆఖర్న టేపుతో చూసుకోండి. మూడు అంకెలూ పక్కపక్కన చూస్తేనే మీ కన్ను ఎటు తప్పుతుందో తెలుస్తుంది.

తప్పడానికి కారణాలు తెలిసినవే. ఎండ మన వెనక నుంచి టార్గెట్ మీద పడుతుంటే అది దగ్గరగా కనిపిస్తుంది. మధ్యలో నీళ్ళో ఇసుకో, కన్ను ఆగడానికేమీ లేని జాగా ఉంటే ఇంకా దగ్గరగా. శాలిహుండం కొండెక్కి వంశధార ఇసుక మీదుగా అవతలి ఒడ్డు చూడండి, చెయ్యి చాపితే అందేట్టే ఉంటుంది, నడిస్తే తెలుస్తుంది. అదే సాయంత్రం మసక వెలుతురులోనో, చెట్ల వరస మధ్య సందులోంచో చూస్తే ఉన్నదానికన్నా దూరం అనిపిస్తుంది. "ఎంత దూరముంటాదేటి?" అని పక్కనోడిని అడిగితే పొద్దున్న ఒక మాట, సాయంత్రం ఒక మాట చెప్పేది ఇందుకే.

రెటికిల్‌కి ఈ జబ్బులేవీ లేవు, కానీ చదివే మనకి ఉంటాయి. టిన్ను 40 మీటర్ల దగ్గర 2.9 మిల్స్ రావాలి. దాన్ని 2.7 అని చదివారా, 42.6 మీటర్లు. 3.1 అని చదివితే 37. అంటే చుక్కంత తేడాకి అటూఇటూ కలిపి అయిదున్నర మీటర్లు పోయింది. అదే 21 సెంటీమీటర్ల కాగితాన్ని ఆ 0.2 తప్పుతోనే చదివినా 38.5కీ 41.6కీ మధ్య ఉంటారు. కాబట్టి దగ్గర్లో కనబడేవాటిలో పెద్ద వస్తువుని ఎంచుకోండి, పొడుగ్గా ఉన్నదైతే పొడుగే కొలవండి. కొలిచేటప్పుడు చుక్క మధ్యని వస్తువు కింది అంచుకి ఆనించి, పై అంచు ఎక్కడొచ్చిందో చూసి, మిల్‌ని పది భాగాలుగా ఊహించుకుని చదవాలి. సగం, పావు అని సరిపెట్టుకుంటే ఏభై మీటర్లలో కూడా తేలిపోతుంది. గన్నుకి ఆనిక లేకుండా చేతుల్లో పట్టుకుని చదివితే ఆ అంకెకి విలువే లేదు.

జీరో, ఆ తర్వాత చీటీ

25 మీటర్లు టేపుతో కొలిచి జీరో చేసుకోండి, అంటే ఆ దూరంలో పెల్లెట్ సరిగ్గా ప్లస్ గుర్తు పెట్టిన చోటే పడేట్టు స్కోపుని సరిచేసుకోండి. ఒక్క గుండు చూసి టర్రెట్ (స్కోపు మీద గురి జరిపే గుండీ) తిప్పకండి. అయిదు కొట్టి ఆ అయిదింటి గుంపు మధ్య ఎక్కడుందో చూసి తిప్పాలి. టర్రెట్ మీద ఒక క్లిక్కుకి పావు ఎంఓఏ (ఇది కూడా కోణం కొలతే, డిగ్రీలో అరవయ్యో వంతు) అని ఉంటే 25 మీటర్ల దగ్గర అది దాదాపు 1.8 మిల్లీమీటర్లు, అంటే గుంపు మూడు సెంటీమీటర్లు కిందకి పడితే పదహారు పదిహేడు క్లిక్కులు పైకి. రెటికిల్ మిల్స్‌లో, టర్రెట్ ఎంఓఏలో ఉండటం మామూలే, కంగారు పడకండి, ఒక మిల్ అంటే 3.44 ఎంఓఏ, పావు క్లిక్కుల్లో దగ్గర దగ్గర పద్నాలుగు.

స్ప్రింగు గన్నుని గట్టిగా బిగించి పట్టుకుంటే గుంపు చెదురుతుంది. ముందు చెయ్యి తెరిచి దాని మీద గన్నుని ఊరికే ఆనించండి, కుదుపు దాని దారిన అది పోనివ్వండి, ప్రతిసారీ చెయ్యి ఒకే చోట ఉండాలి. ఇదొక్కటి సరిచేస్తేనే సగం మందికి గుంపు సగానికి తగ్గిపోతుంది.

జీరో అయ్యాక టర్రెట్లు ముట్టుకోవద్దు. ఇప్పుడు అసలు పని. 10 మీటర్ల నుంచి మొదలుపెట్టి 50 దాకా అయిదేసి మీటర్లకి ఒక కాగితం, ప్రతి కాగితం మీదా ప్లస్ గుర్తు మధ్యలోనే గురి, అయిదేసి పెల్లెట్లు. ప్రతిచోటా గుంపు మధ్య ఎన్ని సెంటీమీటర్లు కింద పడిందో స్కేలుతో కొలిచి రాసుకోండి. దాన్ని మిల్స్‌లోకి మార్చడానికి, సెంటీమీటర్లని పదితో గుణించి దూరంతో భాగించాలి. 40 మీటర్ల దగ్గర ఆరు సెంటీమీటర్లు దిగితే ఒకటిన్నర మిల్. 50 దగ్గర పన్నెండున్నర దిగితే రెండున్నర. ఇవి లెక్క చూపించడానికే, మీ గన్నుకి మీ అంకెలే రావాలి. పక్కవాడి గన్ను అదే మోడలైనా అంకెలు అవే ఉండవు, పెల్లెట్ బ్రాండు మారిస్తే మీవి కూడా మారిపోతాయి.

ఒక వింత కనబడుతుంది. 10 మీటర్ల దగ్గర కూడా పెల్లెట్ కిందే పడుతుంది. గన్ను పాడైందని అనుకోవద్దు, స్కోపు బారెల్ కన్నా నాలుగు సెంటీమీటర్లు పైన కూర్చుంది కదా, పెల్లెట్ కింద నుంచి ఎక్కుతూ వచ్చి చూపు గీతని తాకాలి. అంత దగ్గర్లో ఇంకా ఆ గీతని చేరలేదు. గీత దాటి కొంచెం పైకి పోయి మళ్ళీ కిందకి దిగుతుంది, అంటే రెండుసార్లు దాటుతుంది. అందుకే మరీ దగ్గరి డబ్బాకి కూడా కింది చుక్క వాడాల్సి వస్తుంది.

ఈ అంకెలన్నీ చిన్న చీటీ మీద రాసి, సెల్లోటేపు అతికించి గన్ను బట్ (భుజానికి ఆనే భాగం) మీద అంటించండి. వేళ్ళతో లెక్కలేసుకుంటూ కూర్చుంటే ఊపిరి లయ పోతుంది.

ఇప్పుడు కొట్టండి

డబ్బా దూరం తెలీకుండా స్నేహితుడి చేత ఎక్కడో పెట్టించండి. జూమ్ తెల్ల గీత దగ్గర ఉందో లేదో చూడండి. టిన్ను మూడు మిల్స్ వచ్చింది, 115ని మూడుతో భాగిస్తే 38. చీటీలో 35కీ 40కీ మధ్య ఎంతుందో చూసి, ఒకటింబావు మిల్ అనుకుందాం. ఇక్కడ కొత్తవాళ్ళకి తికమక వస్తుంది. పెల్లెట్ కింద పడుతోంది కాబట్టి గన్ను పైకెత్తాలి, గన్ను పైకెత్తాలంటే డబ్బా మీద కింది చుక్క పెట్టాలి. మొదటి చుక్క దాటి కాస్త కిందున్న చోటుని డబ్బా మధ్యలో పెట్టండి, ప్లస్ గుర్తు డబ్బా పై అంచు దగ్గరికి పోతుంది, దాన్ని పట్టించుకోకండి.

ఊపిరి సగం వదిలి ఆపి, వేలి మొదటి కణుపుతో ట్రిగ్గర్ మెల్లగా నొక్కుతూ పోవాలి, ఎప్పుడు పేలుతుందో మీకే తెలియనంత మెల్లగా. పేలాక కూడా ఒక క్షణం స్కోపులోంచే చూస్తూ ఉండండి. పెల్లెట్ ఇంకా బారెల్‌లోంచి బయటికొస్తూ ఉండగానే తల ఎత్తేస్తున్నారు కొందరు.

తగల్లేదనుకోండి. కింద పడితే, దూరం తక్కువ చదివి ఉంటారు. 40, 50 మీటర్ల మధ్య ఒక్క మీటరు తప్పుకి అర సెంటీమీటరు దాకా తేడా వస్తుంది, అదే పాతిక దగ్గర పెద్దగా తెలీదు. పక్కకి పడితే రెండు కారణాలు. గన్ను ఒక పక్కకి వాలి ఉండొచ్చు, అప్పుడు కింది చుక్కలు నిలువుగా ఉండవు, పట్టుకునేటప్పుడు దూరంగా ఉన్న కరెంటు స్తంభంతో రెటికిల్ నిలువు గీతని పోల్చి చూసుకోండి. లేదా గాలి. అరగ్రాము పెల్లెట్‌ని గాలి ఎంత తోసేస్తుందో 50 మీటర్ల దగ్గర చూస్తే ఆశ్చర్యపోతారు. కళింగపట్నం, బారువ వైపు తోటల్లో మధ్యాహ్నం దాటాక సముద్రం గాలి లేస్తుంది, కాబట్టి చీటీ తయారుచేసే పని పొద్దున్నే, ఆకు కదలనప్పుడు పెట్టుకోండి. తర్వాత గాలిలో కొట్టడం నేర్చుకోవాలంటే టార్గెట్ పక్కన కర్రకి ఒక దారం కట్టి, ఎంత వాలితే గుంపు ఎన్ని మిల్స్ పక్కకి పోయిందో అడ్డ చుక్కలతో కొలిచి అదే చీటీ వెనక రాసుకోండి. మండుటెండలో ఎండమావులు లేచి అంచులు వణుకుతుంటాయి, ఆ టైములో మిల్స్ చదవడం దండగ.

కొండవాలు మీదో, చెట్టుకొమ్మకి వేలాడదీసిన డబ్బాకో కొట్టేటప్పుడు ఇంకో సంగతి చూసుకోవాలి. పెల్లెట్‌ని కిందకి లాగేది అడ్డంగా పోయిన దూరమే. 30 డిగ్రీల ఎత్తులో 40 మీటర్లంటే చీటీలో 35 దగ్గర చూడాలి. డబ్బా వెనక గట్టు లేకుండా పైకి గురి పెట్టడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ చెయ్యకండి, రామతీర్థం లాంటి గుట్టల దగ్గర మనుషులు ఎక్కడెక్కడో తిరుగుతుంటారు.

వానాకాలం అయిపోయాక గన్ను బయటికి తీసినప్పుడు, స్కోపు మౌంట్ స్క్రూలు ఒకసారి బిగించి, 25 దగ్గర అయిదు పెల్లెట్లు కొట్టి చూడండి. గుంపు జరిగి ఉంటే జీరో మళ్ళీ చేసుకోండి, చీటీని 40, 50 దగ్గర మాత్రం సరిచూసుకుంటే సరిపోతుంది, స్ప్రింగు మార్పించి ఉంటే మాత్రం మొత్తం కొత్తగా రాయాల్సిందే.